నేటాలు రేవున తొలి దినములు

పరదేశమునకు పనికై పోవుట నేడు తెలుగు కుటుంబములకు క్రొత్త సంగతి కాదు. విమానమెక్కిన మరునాటికే కొడుకు గొంతు ఫోనులో వినబడును. అక్కడి గదిని, అక్కడి వంటను, కిటికీ వెలుపలి వానను తల్లి తాను కూర్చున్న చోటనే చూడగలదు. అయినను ఆ మొదటి వారము ఎట్లుండునో పోయినవారికే తెలియును. భాష తెలియదు, బజారు తెలియదు, పని చెప్పువాని మాటలో కోపమేదో, మామూలు పలుకేదో పోల్చుకొనుట తెలియదు. చేతనున్న కాగితములో వ్రాసినది ఒకటి, కంటికి కనబడునది మరియొకటి యగుచుండును. ఈ అనుభవమును మనవారిలో మొదట పొందినవారెవ్వరు? ఆ తొలి దినములలో వారికేమి జరిగెను? దానివలన తరువాతివారికి ఏమి ఒనగూడెను? ఇదియే ఈనాటి మన ప్రసంగ విషయము.

తెలుగువారు సముద్రము దాటుట చిరకాలమునుండి కలదు. గోదావరి ముఖద్వారమున నున్న కోరంగి రేవునుండి ఓడలు బర్మాకు పోయెడివి; అందుచేతనే అక్కడివారు మనవారిని కోరంగీలని పిలిచిరి. 1834 తరువాత మారిషస్ ద్వీపపు చెరకు తోటలకు పోయిన కూలీలలోను మనవారు కలరు. కాని మేము ఈ ప్రసంగమునకు దక్షిణాఫ్రికాలోని నేటాలును ఎన్నుకొంటిమి. దానికి కారణము కలదు. 1860 మొదలు 1911 వరకు ఒప్పందముపై ఆ దేశమున దిగిన భారతీయ కూలీల పేరును, తండ్రి పేరును, వయస్సును, కులమును, గ్రామమును, జిల్లాను, ఒంటిమీది మచ్చలతో సహా అక్కడి ప్రభుత్వమువారు పుస్తకములలోనికి ఎక్కించిరి. ఆ పుస్తకములు నేటికిని నిలిచియున్నవి. వాని లెక్క చొప్పున అట్లు దిగినవారు 1,52,184 మంది. వారిలో అధిక సంఖ్యాకులు మదరాసు రేవున ఓడ ఎక్కినవారు. గంజాము, విశాఖపట్నము, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాలనుండి పోయిన తెలుగువారు వారిలో చాలమంది కలరు.

నేటాలు వారికి మనవారితో నేమి పని? 1843లో ఆంగ్లేయులు ఆ ప్రాంతమును తమ రాజ్యమున కలుపుకొనిరి. తీరమువెంబడి నున్న వెచ్చని నేలలో చెరకు చక్కగా పండునని కొలది కాలములోనే తేలినది. చెరకు సామాన్యమైన పంట కాదు. నేల చదును చేయవలెను, గోతులు త్రవ్వి ముచ్చెలు నాటవలెను, ఏపుగా ఎదుగువరకు కలుపు తీయవలెను. నరకిన చెరకును ఆలస్యము లేక గానుగకు చేర్చకున్న రసము చెడును. కనుక ఏడాది పొడుగున చేతినిండ మనుషులు కావలెను. ఆ దేశమువారైన జూలూలకు పశువులు కలవు, పొలములు కలవు. ఇతరుల తోటలో ఏండ్ల తరబడి కట్టుబడి కూలి చేయవలసిన అక్కర వారికి లేదు. బానిసలను కొనితెచ్చుకొను మార్గమును బ్రిటిషు పార్లమెంటు 1833లోనే చట్టము చేసి మూసివేసినది. మారిషస్ తోటల యజమానులు భారతదేశపు కూలీలను కొన్ని సంవత్సరముల ఒప్పందముపై రప్పించుకొని లాభము పొందుట నేటాలువారు చూచిరి. 1859లో అక్కడి శాసనసభ 14వ నంబరు చట్టమును చేసినది. 1860లో భారత ప్రభుత్వము 33వ చట్టముచే నేటాలుకు వలసపోవుటకు అనుమతి యొసగినది. ఇట్లు రెండు సముద్రతీరములందలి కాగితములు సిద్ధమైన పిదప మనుషులను వెదకుట ఆరంభమైనది.

పోయినవారు ఎందుకు పోయిరి? మోసపోయి పోయిరని కొందరందురు. ఇష్టపడియే పోయిరని కొందరందురు. రెండు మాటలలోను కొంత నిజము కలదు. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు సీమను నాశనము చేసిన కరువు జ్ఞాపకము 1860 నాటి ముసలివారి మనస్సులలో ఇంకను పచ్చిగానే యుండెడిది. 1866లో గంజాము జిల్లాను మరియొక కరువు పీడించెను. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువు సంగతి చెప్పనక్కరలేదు. మిల్లు బట్టల పోటీచే మగ్గములు మూలబడిన సాలెలు, అప్పులలో భూమి పోగొట్టుకొన్న కాపులు, భూమియే లేని పాలేరులు, పుట్టింటను అత్తింటను ఆదరణ లేని స్త్రీలు, ఇంట తగవుపడి బయలుదేరిన యువకులు, వీరందరును ఆ ఓడలెక్కినవారిలో కలరు. తలకింతయని సొమ్ము పుచ్చుకొను మేస్త్రీలు, దళారులు సంతలలోను, సత్రములలోను ఇట్టివారిని పట్టుకొనెడివారు. సులువైన పనియనియు, దగ్గరి దేశమేననియు చెప్పిన దళారులు తక్కువమంది కారు. మదరాసులోని డిపోలో అధికారి యొకడు, ఇష్టపడియే పోవుచున్నారా యని అడుగవలెనని నిబంధన కలదు. ఊరు విడిచి, చేతనున్నది ఖర్చు చేసి, నలుగురిలో నవ్వులపాలై తిరిగి పోవలేనివాడు ఆ ప్రశ్నకు ఔనని కాక మరేమి చెప్పగలడు? కాగితముమీద అది ఇష్టము క్రిందనే లెక్కయైనది.

ఆ ఒప్పందములోని షరతులు సూక్ష్మముగా నివి. మొదట మూడేండ్లు, పిదప ఐదేండ్లు ఏర్పాటు చేసిన యజమానియొద్ద పని చేయవలెను. మొదటి యేడు నెలకు 10 షిల్లింగుల జీతము, ఏటేట ఒక షిల్లింగు పెంపు. ఆ కాలమున రెండు షిల్లింగులు ఒక రూపాయి. కనుక నెలకు ఐదు రూపాయలన్నమాట. ఇల్లు, బియ్యము, పప్పు, నూనె లేదా నెయ్యి, ఉప్పు, ఎండు చేప, వైద్యము యజమాని ఇవ్వవలెను. పదేండ్లు ఆ దేశమున గడిపినవారికి తిరుగు ప్రయాణపు ఖర్చు ప్రభుత్వముది. చదివి చూచిన ఇందులో తప్పు పట్టవలసినది అంతగా కనబడదు. రెండు పూటల అన్నము దొరకని ఇంటివానికి ఇది వరముగనే తోచియుండును. చిక్కంతయు ఈ కాగితము సముద్రమునకు ఈవలి యొడ్డున చదువబడి, ఆవలి యొడ్డున అమలు జరుగుటలో నున్నది.

మొదటి ఓడ పేరు ట్రూరో. 1860 అక్టోబరులో అది మదరాసు విడిచెను. అప్పటికి మదరాసునకు కట్టిన రేవు లేదు. దూరమున లంగరు వేసియున్న ఓడ యొద్దకు, అలలపై ఎగిరిపడు మసూలా పడవలలో జనమును చేర్చెడివారు. సముద్రము దాటినవానికి కులము చెడునని నమ్మిన కాలమది. మొదటి అల మీద పడవ లేచినప్పుడే తాము విడుచుచున్నది ఊరు మాత్రమే కాదని వారికి తెలిసియుండవలెను. ఓడలో పంక్తిభేదము సాగదు. వండినవాడెవ్వడని అడుగుటకు వీలు లేదు. నెలకు పైబడిన ప్రయాణముననే వరుసలు కలుపుకొని, అన్నా, అక్కా, మామా యని పిలుచుకొనుట ఆరంభమగును. ఇట్టి ఓడ చుట్టరికములు, తరువాత తోటలలో రక్తసంబంధములతో సమానముగ చెల్లినవి. ఒకే ఓడవారి బిడ్డలు ఒకరినొకరు పెండ్లాడరాదని భావించిన కుటుంబములును కలవు.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో ఓడ నేటాలు రేవును చేరెను. అందులో 342 మంది యుండిరి. ఆ రేవునే నేడు డర్బను అందుము. వారిని పెద్ద పడవలలో ఒడ్డునకు దింపుచుండగా పట్టణమువారు గుమిగూడి చూచిరి. నేటాల్ మెర్క్యురీ యను అక్కడి పత్రిక ఆ దృశ్యమును వర్ణించినది. ఎండిపోయి నిద్రమొగములతో దిగు మనుషులను చూతుమని వచ్చినవారికి, నవ్వుచు, బిగ్గరగా మాటలాడుచు, నలువైపుల చూచుచు దిగుచున్న జనము కనబడిరట. ఈ వర్ణనలో చులకన యున్న మాట నిజమే. అయినను మనకది విలువైన సాక్ష్యము. ఆ దినమున వారు భయముతో కుంగి దిగలేదు, ఆశతో దిగిరి. తరువాత జరిగినది గ్రహించుటకు ఈ సంగతి మరువరాదు. పది దినములు గడువగనే, నవంబరు 26న, కలకత్తానుండి బెల్విడీర్ యను రెండవ ఓడ వచ్చెను.

ఒడ్డున దిగినవారిని మొదట నిలువయుంచు కొట్టములకు తోలుకొనిపోయిరి. అక్కడనే పుస్తకములు వ్రాయుట జరిగెను. ప్రతి మనిషికి ఒక నంబరు. గుమాస్తాకు తెలుగు రాదు. పేరు చెప్పువానికి ఇంగ్లీషు రాదు. ఇంటిపేరు ముందును, సొంత పేరు వెనుకను ఉండు మన పద్ధతి ఆ గుమాస్తాకు వింత. అందుచే అనేకుల ఇంటిపేర్లు ఆ బల్లయొద్దనే రాలిపోయినవి. తాత పేరో, కులబిరుదమో, చెవికి సోకిన రెండక్షరములో మనుమల కాలమునకు ఇంటిపేరై స్థిరపడినవి. నాయుడు నాయిడూ ఆయెను. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకొన్న అప్పలస్వామి సంతతికి అప్పలస్వామియే వంశనామమాయెను. నేడు దక్షిణాఫ్రికాలో ఆ పేరు వినినప్పుడు, వారి పెద్దలు ఏ కొండ దేవుని మ్రొక్కినవారో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. గుమాస్తా వ్రాసిన తప్పులోనుండి కూడ ఊరు తొంగిచూచుచునే యున్నది.

కొట్టములలో వారి నిలుకడ కొలది దినములే. యజమానులు తమకు కావలసినవారిని ఏరుకొని, నంబరుల చొప్పున పట్టీలు వ్రాయించుకొని, తోటలకు నడిపించుకొని పోయెడివారు. భార్యాభర్తలను వేరు చేయరాదని నియమము కలదు. కాని ఒకే ఊరివారిని, ఓడలో అన్నదమ్ములైనవారిని కలిపి పంపవలెనని ఏ నియమమును లేదు. ఒకడు ఉత్తరమున వెరులామువైపునకు, మరియొకడు దక్షిణమున ఇసిపింగోవైపునకు పోవలసి యుండును. నేడు మోటారు బండిలో కొలది సేపటి ప్రయాణమైన ఆ దూరము, నాడు వారికి రెండు దేశముల దూరమైనది.

ఇక తోటలోని మొదటి వారమును తలచుకొందము. చాల తోటలలో వచ్చినవారికి ఇండ్లు సిద్ధముగ లేవు. గడ్డి, కొమ్మలు తెచ్చుకొని తామే గుడిసెలు వేసికొనవలసి వచ్చినది. ఆకాశము కూడ కొంత మారినది. అది భూమధ్యరేఖకు దక్షిణపు దేశము. ఇక్కడ చలి మొదలగు కార్తిక మార్గశిరములలో అక్కడ ఎండలు, వానలు. మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరమున నిలుచును. నీడ దక్షిణమునకు పడును. రాత్రి చూచిన ధ్రువనక్షత్రము కనబడదు. నీడను చూచి పొద్దును, చుక్కను చూచి దిక్కును తెలిసికొను పల్లెటూరివానికి ఇది చిన్న సంగతి కాదు. సంక్రాంతి నడివేసవిలో వచ్చును. ఉగాది నాటికి వేప పూవు మాట యటుంచి, ఆకులు రాలు కాలము ప్రవేశించును. పంచాంగమొకటి, నేల మరియొకటి.

తిండి సంగతి చూతము. చట్టము ప్రకారము దినమునకు పౌనున్నర బియ్యము. కాని బియ్యము దిగుమతి కావలెను. మొక్కజొన్న అక్కడనే చవుకగా పండును. అందుచే బియ్యమునకు బదులు మొక్కజొన్న పిండి కొలిచి యిచ్చుట తోటలలో వాడుకయైనది. జొన్న, చోడి తినుట ఎరిగిన మనవారికి పిండితిండి పరాయిది కాదు. కాని ఆ పిండిని ఎట్లు ఉడికించవలెనో, దానితో ఏమి నంజుకొనవలెనో తెలియని మొదటి దినములలో కడుపునొప్పులు, విరేచనములు తప్పలేదు. రోగమువచ్చి పనికి రానినాడు కూలి లేదు. కొన్ని చోట్ల కూలి లేకపోవుటయే కాక, రాని దినమునకు తగ్గింపు కూడ వేసెడివారు.

పని ఉదయమే గంట మ్రోగుటతో మొదలు. పనివేళ సూర్యోదయ సూర్యాస్తమయముల నడుమ తొమ్మిది గంటలకు మించరాదని చట్టము చెప్పినను, గానుగాడు కాలమున రాత్రియు పనియే. తెల్లదొర క్రింద సర్దారుండును. ఆ సర్దారు భారతీయుడే. దొర మాటను కూలీలకు, కూలీల మాటను దొరకు చేరవేయువాడు అతడే కనుక, అతని దయ యెట్లో తోటలో బ్రతుకును అట్లే. జూలూ మాటలు, ఇంగ్లీషు మాటలు, డచ్చివారి మాటలు కలిసిన ఫనగాలో యను పనిభాష ఒకటి అక్కడ పెరిగినది. కత్తి, కట్ట, నీరు, త్వరగా, ఆగు, రేపు అను అర్థములిచ్చు మాటలు ఇరువదో ముప్పదో నేర్చినవాడు తోటలో బ్రతుకగలడు. తమ గోడు చెప్పుకొనుటకు మాత్రము ఆ మాటలు చాలవు.

గోడు చెప్పుకొనుటయే అన్నిటికంటె కష్టమైన పని. తోటనుండి దూరముగ పోవలెనన్న యజమాని వ్రాసి యిచ్చిన చీటీ కావలెను. చీటీ లేక పట్టుబడినవానికి జరిమానా లేదా ఖైదు. జీతము నెలల తరబడి ఇవ్వకున్నను, కొరడాతో కొట్టినను, న్యాయాధికారి యొద్ద మొరపెట్టుకొనుటకు కొట్టినవాని చీటీయే చేతబట్టుకొని పోవలెను. ఒప్పందమును మీరిన కూలీకి శిక్ష తప్పదు. మీరిన యజమానిని అడుగువారు లేరు. కూలీల బాగోగులు చూచుటకు నియమితుడైన అధికారి ఒక్కడే, తోటలు చాల. ఇట్లు 1860 మొదలు 1866 వరకు ఆరువేలకు పైగా కూలీలు నేటాలులో దిగిరి.  1866లో కూలీలను రప్పించుట నిలిచిపోయినది. అదియు వారిపై దయచేత కాదు, నేటాలులో వ్యాపారము మందగించి తోటల యజమానులు నష్టపడుటచేత.

అయినను ఈ చరిత్రలో మేము ముఖ్యమని యెంచు ఘట్టము దీని తరువాతనే కలదు. పదేండ్లు నిండినవారికి తిరుగు ప్రయాణపు హక్కు కలదని చెప్పితిమి. ఆ హక్కు చొప్పున 1871లో రెడ్ రైడింగ్ హుడ్ అను ఓడలో కొందరు మదరాసునకు తిరిగివచ్చిరి. పదేండ్ల క్రిందట నవ్వుచు దిగిన మొదటివారిలోనివారే వీరు. మదరాసులో దిగగానే వీరు ఊరకుండలేదు. ఒప్పందములో వ్రాసిన జీతము తమకు పూర్తిగా ముట్టలేదనియు, రోగదినములకు కోతలు వేసిరనియు, కొట్టిరనియు, వైద్యము చూడలేదనియు అధికారుల యెదుట వాఙ్మూలమిచ్చిరి. వీరిలో చదువుకొన్నవారు అరుదు. ఏ సంఘమును వీరి వెనుక లేదు. ఏ వకీలును వీరికి మాటలు నేర్పలేదు. తాము పొందినదానిని తాము చెప్పిరి, అంతే.

ఆ మాటలకు బలము చేకూరుటకు కారణమొకటి కలదు. సరిగా ఆ సమయమున నేటాలు తోటలవారు కూలీలు మరల కావలెనని కోరుచుండిరి. తిరిగివచ్చినవారి ఫిర్యాదులను విచారించి, లోపములను దిద్దిననే గాని మరియొక ఓడను పంపుటకు వీలు లేదని భారత ప్రభుత్వము పట్టుబట్టినది. అందుచే 1872లో నేటాలు ప్రభుత్వము విచారణ సంఘము నొకదానిని నియమింపక తప్పలేదు. ఆ సంఘము చెప్పిన మీదట ఆ యేటనే 12వ నంబరు చట్టము వచ్చెను. కొరడా దెబ్బల శిక్ష రద్దయినది. కూలీల ఏజెంటను పేరు పోయి, భారతీయ వలసదారుల సంరక్షకుడను పదవి యేర్పడినది. 1874లో ఓడలు మరల బయలుదేరినవి.

ఈ సంస్కరణలచేత తోటలు స్వర్గములైనవని చెప్పరాదు. సంరక్షకుని పదవి అనేక పర్యాయములు యజమానుల పక్షముననే మ్రొగ్గినది. చీటీల బాధ పోలేదు. ఆత్మహత్యలు, పారిపోవుటలు, ఖైదులు ఆ తరువాతి దశాబ్దముల లెక్కలలోను కనబడుచునే యున్నవి. కాని ఒకటి నిజము. నిరక్షరాస్యులైన కొందరు కూలీలు చెప్పిన మాట రెండు ప్రభుత్వములచేత కాగితమును తిరగ వ్రాయించినది. తాము పడినది తమతో పోవలెనని వారు నోరు విప్పిరి. దాని ఫలము కొంతయైనను వెనుక వచ్చినవారికి దక్కినది.

ఒప్పందము తీరినవారిలో సగముకంటె ఎక్కువమంది తిరిగి రాలేదు. కొందరికి ఊరిలో ఎవ్వరును మిగులలేదు. కొందరికి సముద్రము దాటివచ్చినవారిని కులమువారు చేర్చుకొందురను నమ్మకము లేదు. కొందరికి ఆ నేలయే సొంతమైనది. వారు పట్టణపు అంచులలో చిన్న మళ్ళు కౌలుకు తీసికొని కూరగాయలు పండించిరి, చేపలు పట్టిరి, గంపలు నెత్తిన పెట్టుకొని ఇంటింటికి తిరిగి అమ్మిరి, రైలుమార్గములలోను బొగ్గు గనులలోను పనికి కుదిరిరి. డర్బనులో కూరగాయలు సమృద్ధిగా, చవుకగా దొరకుట వీరి చలవయేనని 1885లో నియమితమైన వ్రాగ్ సంఘము అంగీకరించినది. ఇట్లు స్వతంత్రులై నిలుచుట తెల్లవారిలో కొందరికి కంటగింపైనది. 1895లో చేసిన చట్టముచే, ఒప్పందము తీరిన పిదప మరల కట్టుబడని, దేశమునకు తిరిగి పోని ప్రతి కూలీయు ఏటికి మూడు పౌన్ల పన్ను చెల్లించవలసివచ్చెను. నెలకు అర పౌను సంపాదించినవానికి ఈ పన్ను ఆరు నెలల కూలి. 1913లో గాంధీగారి నాయకత్వమున బొగ్గు గనులలోను చెరకు తోటలలోను వేలకొలది కూలీలు సమ్మె చేసి, ఖైదులకు పోయి, ఆ పన్నును 1914లో తొలగింపజేసిరి. అంతకు ముందే, గోఖలేగారు మొదలగువారి పట్టుదలవలన, 1911లో నేటాలుకు కూలీలను పంపుట శాశ్వతముగ నిలిచిపోయినది.

తెలుగు పలుకు ఆ నేలపై ఎట్లు నిలిచెనో ఒక మాట చెప్పవలెను. తోటలలో తమిళులు ఎక్కువ, మనవారు తక్కువ. అందుచే చాల ఇండ్లలో తెలుగు, తమిళములు కలగలిసినవి. అయినను పట్టువిడువనివారు కలరు. కియర్స్నీ తేయాకు తోటలో నెల్లూరు ప్రాంతమునుండి పోయిన తెలుగు బాప్టిస్టు క్రైస్తవులు కొందరుండిరి. తమ భాషలో ప్రార్థన చెప్పువారు కావలెనని వారు కోరగా, 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరునుండి అక్కడికి పోయి సంఘము నెలకొల్పిరి. హిందువులు రామభజనలను, పండుగలను, పెండ్లి తంతులను నోటి పాఠముగ నిలుపుకొనిరి. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడినది. ట్రూరో వచ్చిన డెబ్బదియొక్క ఏండ్లకు, నంబరులుగ దిగినవారి మనుమలు తమకు తాము పేరు పెట్టుకొనిరన్నమాట. నేడు వారి సంతతివారు డర్బనులోని ఆ పాత పుస్తకములలో తమ తాతల నంబరును వెదకి, గ్రామము పేరును కనుగొని, విశాఖ, చిత్తూరు జిల్లాలలో ఆ ఊరెక్కడనని విచారించుచున్నారు. మనుషులను లెక్కపెట్టుటకు వ్రాసిన పుస్తకము బంధువులను కలుపు పుస్తకమైనది.

ఈ చరిత్ర నేడు మనకెందుకని ఎవరైన అడుగవచ్చును. మన రాష్ట్రములనుండి గల్ఫు దేశములకు పనికై పోవువారికి ఒప్పందపు కాగితము నేటికిని కలదు. దళారి నేటికిని కలడు. 1983లో చేయబడిన వలస చట్టము ఇట్టివారికై వలసదారుల సంరక్షకుడను అధికారిని ఏర్పరచినది. ఆ పదవి పేరులో నేటాలు కాలపు పలుకు ఇంకను వినబడుచున్నది. పోవువారు కాగితమును తమకు తెలిసిన భాషలో చదివించుకొనవలెను. ఒక ప్రతి ఇంట ఉంచిపోవలెను. మొదటి నెలలో వ్రాసినదానికిని జరిగినదానికిని గల తేడాను ఇంటివారికి తెలుపవలెను. ఇంటివారును సిగ్గుపడక, పరువు తక్కువని దాచక, ఆ మాట విని చేరవలసినచోటికి చేర్చవలెను. 1860లో దిగినవారికి తమ మాట ఒడ్డు చేరుటకు పదేండ్లు పట్టినది. మన కాలమున అంత ఆలస్యమునకు కారణము లేదు.